ఫోను లాక్కుంటాం సారూ, ముందు ఆ పైపులు తీయించండి

పిల్లల సంక్షేమం చూసే పెద్ద సారు గారికి,

నమస్కారాలు. మన ఒడిశాలో పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో చిన్న మొబైల్ కొట్టు నాది. రీచార్జ్, రిపేరు, జెరాక్సు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. మీకు ఇంతకు ముందు మూడుసార్లు రాశాను కాబట్టి నా పేరు మీ ఆఫీసు ఫైల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఫైలు తెరిస్తే కనబడుతుంది.

పోయిన నెల మీరు మా ఊరు వచ్చారు. స్కూలు ఆవరణలో శామియానా వేయించి తల్లులనీ నాయనమ్మలనీ కూర్చోబెట్టారు. ఐదేళ్ళ లోపు పిల్లల చేతికి ఫోను ఇవ్వబోమని చెయ్యి చాపించి ప్రమాణం చేయించారు. మా అమ్మ కూడా చాపింది. ఇంటికొచ్చాక, "ఏటి ఒట్టు పెట్టించార్రా? నాకు ఆ ఒడియా సరిగ్గా తెలదు, లోను గురించేమో అనుకున్నాను" అంది.

వెళ్తూ వెళ్తూ తలా ఒక కాగితం పంచారు. ఫోను వల్ల పిల్లలకి వచ్చే నష్టాల మీద నాలుగు వరుసలు, కింద క్యూఆర్ కోడ్. మిగతాది స్కాన్ చేసి వీడియోలో చూడాలట. ఆ సాయంత్రం పదకొండు మంది నా కొట్టుకి వచ్చి స్కాన్ చేయించుకున్నారు. ముగ్గురి చంకలో పిల్లలున్నారు, వాళ్ళూ చూశారు. నెట్ ప్యాక్ అయిపోయిందని ఇద్దరు రీచార్జ్ కూడా వేయించుకున్నారు. నా వ్యాపారానికి మీరు చేసిన ఈ మేలు మరిచిపోను.

మీరు చెప్పింది తప్పని నేను అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, ఏడాది లోపు పిల్లలకి స్క్రీను అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటకూడదు, తక్కువైతే ఇంకా మంచిదని. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా దాదాపు అదే మాట చెప్పింది. రెండేళ్ళ లోపు పూర్తిగా వద్దు, దూరాన ఉన్న అయినవాళ్ళతో ఎప్పుడైనా వీడియో కాల్ అయితే ఫరవాలేదు అని. ఆ వీడియో కాల్ మాట రాసిన డాక్టరెవరో మా వైపు మనిషిలా ఉన్నాడు. మా వీధిలో సగం మంది మగవాళ్ళు హైదరాబాదులోనో, విశాఖలోనో, సూరత్‌లోనో ఉంటారు. పక్కింటి మూడేళ్ళ బాబుని "మీ నాన్న ఎక్కడ్రా" అంటే ఫోను చూపిస్తాడు. వాడి మటుకు వాడికి నాన్న ఉండే చోటు అదే. ఆ ఫోను భూతమని వాడికి నేనెలా చెప్పను?

ఇంక నా కొట్టు సంగతి. "ఫోన్ సౌండ్ రావట్లేదు" అని నెలకి పది పదిహేను ఫోన్లు వస్తాయి. తెరిచి చూస్తే స్పీకరు జాలీలో అన్నం. పప్పన్నం ఎండిపోయి సిమెంటులా పట్టేసి ఉంటుంది. పాత టూత్‌బ్రష్షు థిన్నర్లో ముంచి మెల్లగా గీకాలి, గట్టిగా గీకితే జాలీ చిరుగుతుంది. ఎవరింట్లో ఫోను ముందు పెట్టి ముద్దలు పెడుతున్నారో నాకు ఆ జాలీలే చెప్తాయి. మా ఇంట్లో ఫోనుకీ అదే రోగం. మా చిన్నదానికి నాలుగేళ్ళు. అక్షరం ఒక్కటి రాదు. గేము మధ్యలో యాడ్ వస్తే దాన్ని మూసే ఇంటూ గుర్తు ఏ మూల దాక్కుంటుందో మాత్రం నాకంటే ముందు దానికి తెలుసు. అక్షరాలు అలా గుర్తుపట్టి ఉంటే మెచ్చుకునేవాణ్ణే.

పెద్ద కుర్రాళ్ళ ఆటల మీద నాకు మరీ అంత కోపం లేదు, మేమూ డబ్బా ఫోన్లో పాము ఆట ఆడి పెరిగినవాళ్ళమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో చట్టం చేసి ఆపారు, సంతోషం. అది పెద్దవాళ్ళ జబ్బుకి మందు. నాలుగేళ్ళ పిల్ల జూదం ఆడదు. దానికి తోచదు, అందుకు చూస్తుంది. ఎందుకు తోచట్లేదో చెప్పడానికే మూడు అర్జీలు పెట్టాను.

మా అంగన్‌వాడీ ముందు కొంచెం ఖాళీ జాగా ఉంది. మధ్యలో ఒక వేపచెట్టు. ఊళ్ళో పిల్లలు పరిగెత్తడానికి మిగిలిన చోటు అదొక్కటే, అటు రోడ్డు, ఇటు చెరువు. మా పెద్దది అక్కడే పడుతూ లేస్తూ నడక నేర్చింది. 2025 సంక్రాంతి వెళ్ళిన వారానికి అక్కడ రెండు లారీల నీళ్ళ పైపులు దించారు. నల్లవి, నా నడుమంత లావు. "వారం రోజులు, తర్వాత తీసేస్తాం" అన్నాడు దింపించిన మేస్త్రీ. ఆ మేస్త్రీ మళ్ళీ కనబడలేదు. పైపులు ఎక్కడికి వెళ్ళాలో, అసలు మా ఊరివో కావో కూడా ఎవరికీ తెలియదు. మా కుళాయిలకి మాత్రం నీళ్ళు రాలేదు.

మొదట్లో పిల్లలకి అవే ఆటవస్తువులయ్యాయి. లోపల దూరి కూతలు పెట్టేవారు, అటు చెవి పెట్టి ఇటు నుంచి పిలిచేవారు. నేనూ చూసి నవ్వుకున్నాను, ఒప్పుకుంటున్నాను. ఎండలు ముదిరాక పైపు ముట్టుకుంటే చెయ్యి కాలేది. తొలకరికి లోపల తేళ్ళు చేరాయి. ఆషాఢంలో ఒకరోజు ఆయమ్మ చీపురు కోసం వెళ్తే కట్లపాము. అది పోయిందనుకున్న పది రోజులకి పై వరసలో ఒక పైపు దొర్లి అయిదేళ్ళ బాబు కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఊడి చేతికొచ్చింది. వాణ్ణి నా బండి మీద నేనే తీసుకెళ్ళాను. దారి పొడుగునా వాడు ఏడవలేదు, నా చొక్కా వెనక గుప్పెట్లో పట్టుకుని ఉన్నాడు. దిగాక చూస్తే అక్కడ గుడ్డ చిరిగిపోయి ఉంది.

అప్పటి నుంచి అంగన్‌వాడీ నడిపే దీదీ తలుపుకి గొళ్ళెం పెట్టేస్తోంది. ఆవిడ్ని తప్పు పట్టను, గొళ్ళెం పెట్టమని అడిగింది మేమే. లోపల గది నేనే టేపు పట్టి కొలిచాను, పన్నెండడుగులు ఇటు, పదిహేనడుగులు అటు. అందులోనే గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు, బరువు చూసే మిషను, ఇరవై మూడు మంది పిల్లలు. గుడ్డు, అన్నం తినేదాకా ఎలాగో కూర్చుంటారు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటారు. పదకొండు అయ్యేసరికి ఎవరి పిల్లని వాళ్ళు ఇంటికి తెచ్చేసుకుంటున్నాం. తల్లులు ఊడ్పులకో, కోతలకో, జీడిపిక్కల పనికో వెళ్ళి ఉంటారు. ఇంట్లో ఉండేది నాయనమ్మ. ఆవిడకి మోకాళ్ళు. పిల్ల రోడ్డు మీదకి పరిగెడితే ఆవిడ వెనక పరిగెత్తలేదు. పిల్లని ఒక్కచోట కూర్చోబెట్టే వస్తువు ఇంట్లో ఒకటే ఉంది. "ఏటి సెయ్యమంతావురా, కాళ్ళు రావు గదా నాకు" అంటుంది మా అమ్మ. మీరు ప్రమాణం చేయించింది ఈవిడ చేతే.

దీదీ పిల్లల్ని ఆడించొచ్చు కదా అంటారు. 2021లో పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్ వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ చేతికీ ఫోను తప్పలేదు. హాజరు అందులో, బరువు అందులో, పొడవు అందులో. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే చతువా, అంటే సత్తుపిండి ప్యాకెట్టు ఇవ్వాలన్నా తల్లి ముఖం ఫోనుకి చూపించి కళ్ళు ఆర్పాలి. మా ఊళ్ళో సిగ్నల్ వేపచెట్టు కిందే బాగా ఉంటుంది, వేపచెట్టు చుట్టూ పైపులున్నాయి, కాబట్టి గుమ్మంలో నిలబడి తల్లులు కళ్ళు ఆర్పుతూనే ఉంటారు. మా చిన్నది చూసి చూసి నేర్చేసుకుంది. ఇప్పుడు ఎవరు ఫోను ఎత్తి పట్టినా కదలకుండా నిలబడి కళ్ళు ఆర్పుతుంది. అంగన్‌వాడీలో ఏం నేర్చుకున్నావమ్మా అంటే చేసి చూపించేది అదే.

భాష సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, ఫోన్లో హిందీ కార్టూన్. మా పిల్లకి ఆకలేస్తే "ముఝే చాహియే" అంటుంది. రెండు ఇళ్ళవతల ఒక పిల్లకి మూడేళ్ళు నిండినా సరిగ్గా మాట రాలేదు. డాక్టరు ఫోను మాన్పించి పిల్లతో బాగా మాట్లాడమన్నాడట, ఎందుకైనా మంచిది బరంపురంలో చూపించమన్నాడట. బస్సులో మూడు గంటల పైమాటే, తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలో ఉండే ఇక్కడి కొండజనం మాట్లాడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. నూరేళ్ళు దాటింది. అదే గడ్డ మీద తెలుగు పిల్లకి తెలుగులో ఒక కథ చెప్పే మనిషిని అంగన్‌వాడీలో పెట్టండి అంటే, "ఆ అంశం మా పరిధిలో లేదు" అన్నారు మీ ఆఫీసులో. ఎవరి పరిధిలో ఉందో చెప్తే వాళ్ళకి రాసుకుంటాం.

పిల్లలు ఫోను వదలరు అన్న మాట కూడా నేను పూర్తిగా నమ్మను సారూ. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వానలకి మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. ఫోన్లన్నీ చచ్చాయి. మొదటి పూట మా చిన్నది ఇల్లు పీకి పందిరేసింది. మధ్యాహ్నం మా అమ్మ అటక మీంచి వామనగుంటల పీట దించమంది. చింతపిక్కలు పోసుకుని మంచం మీద కూర్చున్నారు ఇద్దరూ. చిన్నదానికి ఆట అర్థం కాలేదు, పిక్కలు లెక్కపెట్టడం మాత్రం నచ్చింది. ఒకటి, దుయి, తీన్, నాలుగు అని దాని లెక్క. మా అమ్మ ఒకటికి రెండుసార్లు దిద్దింది, తర్వాత తనూ నవ్వుతూ దుయి అనేసింది. రెండో రోజు వీధిలో పిల్లలంతా మా వసారాలోనే ఉన్నారు. కరెంటు రాగానే ఛార్జర్లు పెట్టాం. పీట మళ్ళీ అటక ఎక్కింది. ఆ తప్పు మాదే, మీ మీద వేయను. కాని వసారా నాలుగడుగులు సారూ, వీధి పిల్లలందరికీ రోజూ అది ఎక్కడ సరిపోతుంది?

మొదటి అర్జీ తెలుగులో రాశానని తిప్పి పంపారు. రెండోది ఒడియాలో రాయించి ఇచ్చాను, రసీదు ఇచ్చారు, ఆ రసీదు ఇంకా నా కొట్టులో గాజు కింద ఉంది. మూడోది సోమవారం గ్రీవెన్సులో నా చేతులతో ఇచ్చాను. మీరే తీసుకున్నారు. "పైపులా, పిల్లల శాఖకి పైపులకీ ఏంటయ్యా సంబంధం" అని నవ్వారు, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఇరవై రోజులకి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. పరిగెత్తుకెళ్ళి చూశాను. ఉన్నాయి. లెక్కపెట్టాను కూడా, ఒక్కటీ తగ్గలేదు. మెసేజు మాత్రం అందంగా ఉంది, కింద మీ శాఖ బొమ్మతో సహా.

మాకు పార్కు వద్దు. ఉయ్యాలలు, జారుడుబల్లలు, గోడ మీద రంగుల బొమ్మలు, ఏవీ వద్దు. ఆ జాగా ఎలా ఉండేదో అలా ఇచ్చేయండి. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఆ పిల్లల్ని కాస్త పట్టుకోవడానికి తెలుగొచ్చిన ఆయమ్మ ఒకర్ని పెట్టండి. అదీ కుదరదంటే పైపులైనా తీయించండి. అన్నిటికంటే ముందు పైపులు. ఇది నేను నాలుగోసారి రాయడం, పైపులు.

లారీ దొరకట్లేదంటే చెప్పండి, ట్రాక్టరు మేమే మాట్లాడతాం, డీజిలు డబ్బులు చందా వేసుకుంటాం. దించడానికి కుర్రాళ్ళున్నారు. కాకపోతే ఆ పైపుల మీద ప్రభుత్వ ఆస్తి, ముట్టుకుంటే కేసు అని తెల్లరంగుతో రాసి ఉంది. తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి చాలు. ఒడియాలో అయినా ఫరవాలేదు, చదివించుకుంటాం. క్యూఆర్ కోడ్ మాత్రం వద్దు.

ఇట్లు,
మూడు అర్జీలకి ఒకటే రసీదు దక్కిన
మొబైల్ కొట్టువాడు