బిల్లు అడగడానికి మొహమాటపడకు, అమ్మలూ

విజయనగరం

అమ్మలూ,

ఆ బెంగళూరు కంపెనీ మూడు నెలలుగా డబ్బివ్వలేదని, అడిగితే బాగోదేమోనని ఊరుకున్నానని మీ అమ్మతో అన్నావట. ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్ చేస్తానన్నప్పుడు నీ పని గురించి నాకేం బెంగ లేదు. ఉన్న బెంగల్లా ఈ మొహమాటం గురించే.

ఇన్నేళ్లుగా ఇక్కడి రైస్‌మిల్లులకీ షాపులకీ పద్దులు రాస్తున్నాను కదా, డబ్బివ్వాల్సినవాళ్ల పక్కన కూర్చుని చూస్తున్నవాణ్ణి. ఒక మిల్లులో క్యాషియర్ బల్ల మీద ఇనప ఊచకి బిల్లులన్నీ గుచ్చి ఉంటాయి. నెల్లిమర్ల నుంచి మోటార్లు రీవైండింగ్ చేసే కుర్రాడు శనివారం సాయంత్రం వచ్చి నిలబడతాడు. "మా బిల్లు ఏటయిందండీ?" అంటాడు. గొడవ పడడు, బతిమాలడు, కదలడు. క్యాషియర్ పైనున్న బిల్లులన్నీ తీసి పక్కనబెట్టి, అడుగునున్న అతని కాగితం లాగి డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. ఫోన్ చేయడానికే సిగ్గుపడే కంప్యూటర్ మెకానిక్ బిల్లు ఆ ఊచకే పాతబడిపోతుంది. ఇద్దరూ పనిమంతులే, యజమానీ మంచివాడే. అడిగాడని ఆ కుర్రాడికి పనేమీ తగ్గలేదు. ఇప్పటికీ మోటారు కాలిందంటే మొదటి ఫోను అతనికే.

నీకు చట్టం అండ కూడా ఉంది. ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకో, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు. ప్రభుత్వ పోర్టల్లో ఆధార్, పాన్‌తో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఫీజు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోకు. చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నీలాంటివాళ్ల బిల్లు 45 రోజులు దాటకుండా కట్టాలి. రాసుకున్న ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే వడ్డీ. దానికితోడు 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి, అంటే 2023-24లో నడిచిన లెక్కల నుంచి, గడువులో కట్టని బిల్లుని ఆ కంపెనీ ఎప్పుడు కడితే ఆ ఏడాదే ఖర్చుగా చూపించుకోవాలి. అందుకే మార్చి వచ్చిందంటే మా మిల్లులవాళ్లు ఉద్యం నంబరున్న బిల్లులు వెతికి మరీ కడుతున్నారు. నీ ప్రతి ఇన్‌వాయిస్ మీదా ఆ నంబరు వేయి. పాత బిల్లుకి ఇది పనికిరాకపోవచ్చు, ఇకమీదటివాటికి పనికొస్తుంది.

కొత్త క్లయింట్ అయితే సగం అడ్వాన్స్ పడ్డాకే పని మొదలుపెట్టు. "చిన్న మార్పే కదా" అంటూ ఒప్పుకోని పని చేయించుకుంటే దానికి వేరే రేటు చెప్పు. చెప్పేటప్పుడు సారీలు వద్దు.

వచ్చిన డబ్బుని ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకు. వేరే ఖాతాలో వేసుకుని, నెల మొదట్లో నీ జీతం ఇంత అని అందులోంచి తీసుకో. బాగా వచ్చిన నెలలో మిగిలింది రాని నెలకి ఉంటుంది. టాక్స్ సంగతి నాకొదిలెయ్. పద్దులు రాయక్కర్లేకుండా వృత్తి పనివాళ్లకున్న సులువు పద్ధతిలో వసూళ్లలో సగం ఆదాయంగా చూపిద్దాం, మార్చి 15లోగా అడ్వాన్స్ టాక్స్ కట్టేద్దాం. నీకిచ్చే డబ్బులోంచి ముందే టాక్స్ (టీడీఎస్) కోసినవాళ్ల పేర్లు మాత్రం రాసిపెట్టు.

కంపెనీ మానేయడంతో ఆ గ్రూప్ ఇన్సూరెన్స్ పోయి ఉంటుంది. సొంత హెల్త్ పాలసీ తీసుకున్నావా? ఇదొక్కటి వాయిదా వేయకు తల్లీ.

సోమవారం ఉదయం ఆ బెంగళూరు వాళ్లకి మెయిల్ పెట్టు. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎప్పట్లోగా ఇస్తారని ఒక ప్రశ్న, నాలుగు లైన్లు చాలు. జవాబు రాకపోతే గురువారం ఫోన్ చేయి. ఏమన్నారో రాత్రికి నాకు చెప్పు.

మీ నాన్న