15 ఎంఎం లెన్సు పట్టుకుని మిర్చి యార్డుకు వచ్చే ముందు

బ్రాడీపేట,
గుంటూరు.

చిన్నా,

లైకా ఎం9 కెమెరా బాడీ చేతికొచ్చిందని, దానికి ఫోక్ట్‌లాండర్ 15 ఎంఎం రెండో వెర్షను లెన్సు తగిలించావని, ఫొటోల అంచుల్లో రంగులు అదోలా వస్తున్నాయని రాశావు. మార్చిలో వచ్చి మిర్చి యార్డు, ఉండవల్లి గుహలు తీస్తానన్నావు కదా. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం ఊఁ కొడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. వచ్చేలోపు తీరిగ్గా చదువుకో.

ముందు కిటికీ సంగతి. ఎం9 వ్యూఫైండర్లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, ఏ లెన్సుకు ఎంత మేర పడుతుందో చూపించే గీతల్లో అన్నిటికన్నా వెడల్పైనది 28 ఎంఎంది. నీ లెన్సు చూసేది 110 డిగ్రీలు. ఆ 28 గీతల్ని నమ్ముకుని ఫ్రేము కట్టావంటే, ఫొటోలో పడబోయే దానిలో మూడో వంతు కూడా నీకు కనపడలేదన్నమాట. మిగతా రెండొంతుల్లో ఏముంటాయో తెలుసా? నీ చెప్పులు, నీ నీడ, ఎడమచేతి వేళ్లు, కెమెరా నిలువుగా తిప్పినప్పుడు వేలాడే పట్టీ. ఎం9లో లైవ్ వ్యూ (వెనక తెర మీద ముందే చూసుకోవడం) లేదు కాబట్టి, పైన ఫ్లాష్ పెట్టే చోట బిగించే 15 ఎంఎం ఫైండరు కొనక తప్పదు. లెన్సుతో రాకపోతే విడిగా వెతుకు. ఫోకస్ తిప్పేటప్పుడు వేళ్లు లెన్సు కింది నుంచి రావాలి, పక్క నుంచి కాదు.

ఆ ఫైండరైనా మొత్తం నిజం చెప్పదు. అది లెన్సుకు ఐదారు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది. పది మీటర్ల అవతల ఆ తేడా లెక్కలోకి రాదు. అర మీటరులో ఉన్న వస్తువుకు మాత్రం ఫ్రేము ఎత్తు 80 సెంటీమీటర్లే కాబట్టి ఐదారు సెంటీమీటర్లంటే ఎక్కువే. దగ్గరి వస్తువు పైభాగం ఫైండర్లో నిండుగా కనిపించి, ఫొటోలో తెగిపోతుంది. దగ్గరగా తీసేటప్పుడు పైన కాస్త ఎక్కువ ఖాళీ వదులు.

అందుకని ఈ లెన్సుకు కంటికన్నా లెక్క ముఖ్యం. ఒక్క అంకె గుర్తుపెట్టుకో: 2.4. వస్తువు ఎంత దూరంలో ఉందో దాన్ని 2.4తో గుణిస్తే ఫ్రేము వెడల్పు, 1.6తో గుణిస్తే ఎత్తు వస్తుంది. మీటరు దూరంలో బస్తాల వరుస ఉంటే అందులో 2.4 మీటర్ల మేర పడుతుంది. నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి ఫ్రేము ఎత్తులో పావు వంతుంటాడు, అంతే. చాలామంది ఈ లెన్సు కొనేది ‘అంతా పడుతుంది’ అని. పడుతుంది, కానీ పడిందేదీ కనపడదు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. కిలోమీటరు దూరం నుంచి తీస్తే ఫ్రేము వెడల్పులో సగం ఆక్రమిస్తుంది. మిగతాది ఆకాశం, నీళ్లు. బ్యారేజీ సన్నటి దారం. అలాంటి దానికి 28 చాలు. 15 ఉన్నది దగ్గరికి వెళ్లడానికి. మీటరులోపు ఒక వస్తువు లేకపోతే షట్టరు నొక్కకు అంటాను నేను. మొండి మాటే, అయినా అంటున్నా.

ఫోకసింగ్‌కు రేంజ్‌ఫైండర్ ప్యాచ్ (కిటికీ మధ్యలో రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా తిప్పి ఫోకస్ చూసుకునే చోటు) వాడొద్దు. నీది రెండో వెర్షను కాబట్టి రేంజ్‌ఫైండర్‌తో కలిసి పనిచేస్తుంది, నిజమే (1999లో వచ్చిన స్క్రూ మౌంటు మొదటి వెర్షనుకు ఆ సౌకర్యమే లేదు). కానీ ఒక కిటికీలో ఫోకస్ చూసి, ఇంకో కిటికీలోకి కన్ను మార్చి ఫ్రేము కట్టేలోపు ఎదురుగా జరగాల్సింది జరిగిపోతుంది. పైగా లెన్సు అర మీటరు దాకా వెళ్లినా, కెమెరా ప్యాచ్ 0.7 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ముందే దూరం పెట్టేసి వదిలెయ్. ఎఫ్ 8లో (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) ఫోకస్ 1.9 మీటర్ల దగ్గర పెడితే 95 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా పదునుగా ఉంటుంది. ఎఫ్ 11లో 1.4 మీటర్ల దగ్గర పెట్టు, 70 సెంటీమీటర్ల నుంచి పనికొస్తుంది. ఎఫ్ 5.6 అయితే 2.7 దగ్గర, అప్పుడు 1.35 నుంచి మొదలు.

లెన్సు మీది గీతలు ఇంతకన్నా ఉదారంగా ఉంటాయి. ఎఫ్ 8కి మీటరులోపే పెట్టినా సరిపోతుందన్నట్టు చూపిస్తాయి. ఆ లెక్క ఫిలిం రోజుల్లో చిన్న ప్రింటుకు కట్టింది. స్క్రీను మీద నూరు శాతం పెద్దది చేసి చూస్తే దూరంగా ఉన్నవన్నీ మెత్తగా కనపడతాయి. నేనిచ్చిన అంకెలు మసకను దానిలో సగం మేరకే ఒప్పుకుని కట్టినవి. దగ్గర్లో ఏమీ లేకుండా దూరమే ముఖ్యమైతే ఈ గొడవంతా వదిలేసి అనంతం మీద పెట్టెయ్. ఎఫ్ 16, 22 జోలికి పోకు. చిన్న రంధ్రం గుండా కాంతి చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల మొత్తం మెత్తబడుతుంది, సెన్సరు మీది దుమ్ము చుక్కలన్నీ బయటపడతాయి.

ఇక నువ్వడిగిన రంగుల సంగతి. ఎడమ అంచున ఎరుపు, కుడి అంచున ఆకుపచ్చో నీలమో పాకుతోంది కదా. లెన్సు చెడిపోలేదు, కంగారు పడకు. ఎం మౌంటు నుంచి సెన్సరుకు దూరం 27.8 మిల్లీమీటర్లే. మధ్యలో అద్దం లేదు కాబట్టి లెన్సు వెనక గాజు సెన్సరుకు బాగా దగ్గరగా వస్తుంది. దాంతో మూలలకు వెళ్లే కాంతి చాలా ఏటవాలుగా పడుతుంది. ఫిలింకు ఏటవాలైనా నిటారైనా ఒకటే. సెన్సరుకు అలా కాదు. ప్రతి పిక్సెల్ మీదా ఒక బుల్లి కటకం, వాటన్నిటి పైనా 0.8 మిల్లీమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ అడ్డుకునే గాజు ఉంటాయి. ఏటవాలు కాంతి ఆ గాజులో ఎక్కువ దూరం నడిచి ఎరుపు పోగొట్టుకుంటుంది, పక్క పిక్సెల్లోకి కూడా జారుతుంది. అంచుల వైపు బుల్లి కటకాల్ని లైకా వాళ్లు కాస్త పక్కకు జరిపి పెట్టారు గానీ, 15కి అది చాలలేదు. 2015లో వచ్చిన మూడో వెర్షను లెన్సును డిజిటల్ సెన్సర్ల కోసమే మళ్లీ గీశారు, దాంతో ఈ బాధ చాలా తక్కువ. అది పెద్దది, బరువు, ధర కూడా ఎక్కువ. నీకు ఇప్పుడు అవసరం లేదు.

రెండు పనులు చెయ్. మొదటిది, మెనూలో లెన్స్ డిటెక్షన్‌ను మాన్యువల్‌లో పెట్టి 21 ఎంఎం ఎఫ్ 2.8, 11134 అన్నది ఎంచుకో. కెమెరా చదివి లెన్సును గుర్తుపట్టే ఆరు గీతల కోడు నీ లెన్సుకు లేదు కాబట్టి కెమెరాకు అదేమిటో తెలియదు. ఇలా చెబితే అంచుల్ని కొంత సరిచేస్తుంది. ఫైలు వివరాల్లో 21 అని పడుతుంది, పడనీ.

రెండోది అసలైనది. స్టూడియోలో పాత లైట్‌బాక్సు మీది పాలరంగు యాక్రిలిక్ పలక నీకోసం తీసి ఉంచాను. దాన్ని లెన్సు హుడ్‌కు ఆనించి పట్టుకుని, సూర్యుడికి ఎదురు కాకుండా, తెరిపి ఆకాశం వైపు తిప్పి డీఎన్‌జీలో (సెన్సరు పట్టింది పట్టినట్టు ఉంచే ముడి ఫైలు) ఒక ఫొటో తియ్. హిస్టోగ్రాం (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) మధ్యలో ఉండాలి, కుడి గోడకు తగలకూడదు. ఎఫ్ 4.5కి ఒకటి, 5.6కి ఒకటి, 8కి, 11కి ఒక్కోటి. అసలు ఫొటోలకు వాడే ఫోకస్ దూరమూ, ఆ మెనూ ఎంపికా ఇక్కడా మారకూడదు. ఒకటి మారిస్తే ఆ నమూనా పనికిరాదు. తర్వాత లైట్‌రూమ్ క్లాసిక్‌లో అసలు ఫొటోను, దాని పక్కనే ఈ తెల్ల ఫొటోను పెట్టి, రెండూ ఎంచుకుని లైబ్రరీ మెనూలో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ నొక్కు. లైట్‌రూమ్ లేకపోతే కార్నర్‌ఫిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇదే పని చేసి కొత్త డీఎన్‌జీ రాస్తుంది. ఎండలో తీసిన నమూనా యార్డు షెడ్డు లైట్ల కింద పూర్తిగా సరిపోదు. అక్కడ విడిగా ఒకటి తీసుకో, నిమిషం పని.

నీడ మూలల్ని వెలుగులోకి లాగినప్పుడు గరుకుతనం కూడా పైకొస్తుంది. ఎం9లో ఐఎస్ఓ (కాంతికి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 800 దాటితే మూలలు ఎలాగూ అందంగా ఉండవు. కొంచెం చీకటి వదిలెయ్, బాగానే ఉంటుంది.

దీని ముందు మోడల్ ఎం8 వాడేవాళ్ల సలహాలు చూసి ఇన్‌ఫ్రారెడ్ అడ్డుకునే ఫిల్టరు కొనబోయేవు. ఎం8లో ఆ గాజు 0.5 మిల్లీమీటర్లే కాబట్టి నల్లబట్టలు ఊదారంగులో వస్తాయి, వాళ్లకు ఫిల్టరు కావాలి. నీకు అక్కర్లేదు. పెట్టావంటే మూలలు ఇంకా నీలం తిరుగుతాయి. పోలరైజరు (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టరు) కూడా వద్దు. 110 డిగ్రీల ఆకాశంలో ఒక పట్టీ మాత్రం ముదురు నీలంగా, మిగతాది పాలిపోయి, చూడ్డానికి ఏదో మరకలా ఉంటుంది.

యార్డులో దుమ్ము కోసం మాత్రం 52 ఎంఎం సన్న అంచు యూవీ ఫిల్టరు ఒకటి బిగించు. ఒకదాని మీద ఒకటి పెట్టకు, మూలలు నల్లబడతాయి. మిర్చి యార్డు లోపల లెన్సు విప్పొద్దు, బ్యాటరీ, కార్డు కూడా మార్చొద్దు. ఎం9కి అవి మార్చాలంటే కింది పలక మొత్తం ఊడదియ్యాలి కదా, లోపలికి మిరప పొడి పోవడానికి అంత చోటు చాలు. ఇంట్లోనే అన్నీ సిద్ధం చేసుకుని వెళ్లు. ఫిల్టరు మీద పొడి పడితే రబ్బరు బ్లోయరుతో ఊదు. నోటితో ఊదకు, గుడ్డతో రుద్దకు. ఇంకొకటి, ఇది కెమెరా పుస్తకాల్లో ఉండదు: బస్తా ముట్టుకున్న చేత్తో ఫైండరు రబ్బరు పట్టుకుని అక్కడే కన్ను ఆనించావంటే ఆ పూటకి ఫొటోలైపోయినట్టే. జేబులో తడిగుడ్డ ఉంచుకో, మాస్కు పెట్టుకో.

ఎండలో మిర్చి రాశులు తీసేటప్పుడు మొత్తం హిస్టోగ్రాం బాగున్నట్టే ఉంటుంది గానీ ఎరుపు చానెల్ ముందే నిండిపోతుంది. ఎరుపంతా ఒకే ముద్దలా, కాయకీ కాయకీ తేడా లేకుండా వస్తుంది. రంగుల హిస్టోగ్రాం పెట్టుకుని, మూడో వంతు నుంచి రెండొంతుల స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే కాంతి సగమవుతుంది) తగ్గించు. షెడ్డు బయట ఇంకో చిక్కు ఉంది. ఈ కెమెరా మీటరు షట్టరు రెక్కల మీద పడ్డ కాంతిని, మధ్య భాగానికి ఎక్కువ విలువిచ్చి కొలుస్తుంది. 15లో ఆకాశం ఎలాగూ దూరుతుంది, మధ్యకు వచ్చిందంటే నేల నల్లబడుతుంది. కెమెరా నేలవైపు వంచి, షట్టరు సగం నొక్కి పట్టుకుని, తిరిగి లేపి తియ్. లేదా అక్కడ ఒకసారి కొలుచుకుని మాన్యువల్‌లో వదిలెయ్, నాకు అదే నచ్చుతుంది.

మనుషుల్ని తీసేటప్పుడు ముఖం ఎక్కడ పెడుతున్నావో చూసుకో. ఫ్రేము పక్క అంచున ముఖం ఉండాల్సిన దానికన్నా ఒకటిన్నర రెట్లు వెడల్పవుతుంది. మూలలో ఇంకా ఎక్కువ, దాదాపు 1.75 రెట్లు. మధ్యకూ అంచుకూ సగం దూరంలో అయితే 17 శాతమే సాగుతుంది, ఎవరూ గుర్తుపట్టరు. కాబట్టి ముఖాలన్నీ మధ్య సగంలోనే. అంచులకు బస్తాలు, స్తంభాలు, తాళ్లు వదులు. తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లను అడిగి, వాళ్ల చేతులు ముందు, ముఖం మధ్యలో వచ్చేట్టు తియ్. ఇంట్లో గ్రూపు ఫొటోకు ఈ లెన్సు బయటికి తియ్యనే వద్దు. పెద్దత్తయ్యను అంచున నిలబెట్టావో, ఏడాది పాటు మనింటికి రాదు.

ఉండవల్లిలో నిలువు గీతలే సమస్య. కెమెరా కాస్త పైకెత్తితే చాలు, స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి. ఎం9లో లెవెల్ లేదు, ఫ్లాష్ చోటులో ఫైండరు ఉంది కాబట్టి బుడగ లెవెల్‌కూ జాగా లేదు. ఫైండరు పక్క అంచుకు ఒక స్తంభాన్ని సరిగ్గా ఆనించి చూసుకో. నాలుగంతస్తుల ముఖభాగం బయటి నుంచి తీసేటప్పుడు కెమెరా నిలువుగా తిప్పి, సమంగా పట్టుకుని తియ్. కింద సగం ఉత్త నేల వస్తుంది, తర్వాత కత్తిరించు. 5,212 పిక్సెళ్ల ఎత్తులో కింది మూడో వంతు తీసేసినా 3,472 పిక్సెళ్ల చతురస్రం మిగులుతుంది, గీతలు నిటారుగా ఉంటాయి. సాఫ్ట్‌వేరులో నిలబెట్టే దానికన్నా ఇది శుభ్రం.

లోపల పడుకున్న అనంతపద్మనాభుణ్ణి పాదాల దగ్గర నుంచి తియ్యాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. పాదాలు మీటరు దూరంలో, ముఖం ఇంకో ఐదు మీటర్ల అవతల ఉంటే ముఖం ఆరో వంతుకు కుదించుకుపోతుంది. పక్క నుంచి, నడుముకు ఎదురుగా నిలబడి తియ్. లోపల చీకటి. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 640, 1/15 సెకను, స్తంభానికి భుజం ఆనించుకుంటే చేత్తో తీయొచ్చు. ట్రైపాడ్ తెచ్చేపనైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి, ముందే చెప్పు.

బాడీ ఇంకా వెనక్కిచ్చే గడువు ఉందన్నావు. ఈ రాత్రే ఎఫ్ 16లో తెల్లగోడను ఫోకస్ చెదరగొట్టి ఒక ఫొటో తియ్. ఊదితే పోయే చుక్కలు దుమ్ము. చుట్టూ తెల్లటి వలయం ఉండి, తుడిచినా అక్కడే ఉన్నవైతే అది సెన్సరు గాజు పాడవడం, ఎం9కి పేరుమోసిన జబ్బే. మార్చాలంటే అసలు విడిభాగం ఇప్పుడు దొరకదు. అలా కనిపిస్తే మొహమాటపడకుండా తిరిగిచ్చెయ్. ఆ ఫొటో నాకూ పంపు, నేనూ చూస్తాను.

ఉంటాను,
అమ్మ