జిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు

సంపాదక మహాశయా,

తినుబండారాల ప్యాకెట్లకు జిప్ పెట్టడం మంచిదే. కానీ అది ఎంతవరకు కాపాడుతుందో కొనేవారికి తెలియాలి. గాలిని గట్టిగా ఆపేది ఫ్యాక్టరీలో వేడితో వేసిన సీలే. సరుకు పాడవకుండా లోపల నైట్రోజన్ వాయువు నింపి ఉన్నా, ప్యాకెట్ కత్తిరించగానే అది పోతుంది. ఆ తర్వాత జిప్ తేమ చేరడాన్ని ఆలస్యం చేస్తుందంతే.

పొడుల ప్యాకెట్లలో జిప్ పట్టకపోవడానికి ముఖ్య కారణం గాడిలో ఇరుక్కున్న పొడి. కాస్త నలుసు ఉన్నా అక్కడ సందు మిగిలిపోతుంది. అందుకే ప్యాకెట్ వంచి పోయకుండా తడి లేని చెంచాతో తీసుకోవాలి. గాడిని పొడిగుడ్డతో తుడిచి, లోపలి గాలిని నొక్కి పంపేసి, ఒక మూల నుంచి రెండో మూల దాకా వేలితో అదుముతూ పోవాలి. మూలలు రెండూ మళ్లీ చూసుకోవాలి.

ఇక చెత్త సంగతి. పాలిస్టర్, అల్యూమినియం, పాలిథిన్ పొరలు అతికించిన సంచిని రీసైకిల్ చేయడం చాలా కష్టం. దానికి జిప్ అదనపు ప్లాస్టిక్. ఒక్కపూటలో అయిపోయే చిన్న ప్యాకెట్‌కు అది శుద్ధ దండగ. నెలల తరబడి వాడే పెద్ద ప్యాకెట్లకే జిప్ పెట్టాలి. రీసైకిల్ సులువయ్యేలా, వీలైనచోట సంచి, జిప్ రెండూ పాలిథిన్‌తోనే చేయాలి. తెరిచాక ఎన్నాళ్లలో వాడేయాలో తయారీదారులు జిప్ పక్కనే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి.

– ఒక ప్యాకేజింగ్ ఇంజినీర్