తాత తుపాకీకి కర్ర నువ్వే చెక్కావు కదా బాపూ

లాంకాస్టర్, పెన్సిల్వేనియా
అక్టోబర్ 19, ఆదివారం

బాపూ,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు, అమ్మ బాగున్నారని తలుస్తాను. ఉత్తరం చూసి కంగారు పడకు, ఏమీ కాలేదు. ఫోన్లో చెబుదామంటే అమ్మ ఫోను నీ దాకా రానివ్వడం లేదు. మొన్న ఆమె అరిచిన అరుపులకు పక్క గదిలో పడుకున్న పిల్లాడు లేచి కూర్చున్నాడు. అక్క నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పడం నాదే తప్పు. "తమ్ముడు తుపాకీ కొంటున్నాడట" అని ఆమె చెప్పిన తీరుకి అమ్మకు టీవీలో చూసినవన్నీ కళ్ల ముందు తిరిగి ఉంటాయి.

నువ్వు మాత్రం ఏమీ అనలేదు. వెనక నుంచి దగ్గు వినిపించింది, అంతే. అందుకే నీకు రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించు, కానీ ముందు నువ్వొక్కడివే చదువుకో. ఆపరేషన్ తర్వాత కళ్లద్దాలు ఇచ్చారా? అక్షరాలు పెద్దగానే రాస్తున్నాను.

ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. మేనేజర్ మారాడు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

నేను కొనబోయేది దుకాణంలో తయారుగా అమ్మే తుపాకీ కాదు బాపూ. విడి సామాను. కిట్ అంటారు. కర్ర, గొట్టం, లాక్ (అంటే నిప్పురవ్వ పుట్టించి పేల్చే భాగం), మరలు అన్నీ ఒక పెట్టెలో వస్తాయి. ఆకురాయి పట్టి, సానబెట్టి, ఒకదానిలో ఒకటి కూర్చుకోవడం మన పని. తాత దగ్గర ఉండేది చూడు, మూతిలోంచి మందు పోసి గజంతో దట్టించేది, దాని జాతిదే. గొట్టమే మూడున్నర అడుగులకు పైన ఉంటుంది. నిలబెడితే నా ముక్కు దాకా వస్తుంది. చెకుముకి రాయి ఉక్కు రేకుకు కొట్టుకుని, నిప్పురవ్వ చిన్న పళ్లెంలో ఉన్న మందు మీద రాలి, ఆ మంట బెజ్జంలోంచి లోపలికి పోతేనే పేలుతుంది. మందు చెమ్మగిల్లితే అదీ లేదు. ఒకసారి పేల్చి మళ్లీ నింపుకోవడానికి నా బోటివాడికి ఒక నిమిషమైనా పడుతుంది. టీవీలో అమ్మ చూసే వాటికీ దీనికీ పోలికే లేదు.

పోలీసులు పట్టుకుంటారని కూడా అమ్మ అన్నదట. 1968లో ఇక్కడ చేసిన దేశ చట్టంలో ఇలా మూతిలోంచి తుపాకీ మందు నింపే పాతకాలపు వాటిని మామూలు తుపాకుల లెక్కలో వేయలేదు. రాష్ట్రానికో రూలు ఉంటుంది కాబట్టి మా రాష్ట్రానివి కూడా చదివాకే అడుగు వేశాను. గ్రీన్ కార్డు కోసం పదకొండేళ్లు ఆగినవాణ్ణి, ఇలాంటి వాటిలో నిర్లక్ష్యంగా ఉంటానా?

అసలు ఇదెక్కడి పిచ్చి అనుకుంటున్నావేమో. మేముండే ఈ జిల్లాయే ఈ తుపాకులకు పుట్టినిల్లు లాంటిది. 1700ల్లో జర్మన్ మాట్లాడే పనివాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల దేశంలో వేటకు వాడేవి పొట్టివి, గొట్టం లావుగా ఉండేవి. ఇక్కడి అడవుల్లో వారాల తరబడి తిరిగేవాడు సీసం, మందు మోసుకుపోవాలి కదా, అందుకని గొట్టం పొడుగు పెంచి, లోపలి బెజ్జం సన్నం చేస్తూ వచ్చారు. జేకబ్ డిక్కర్ట్ అని ఒకాయన ఉండేవాడు. 1740లో జర్మనీలో పుట్టి, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, ఈ లాంకాస్టర్లోనే తుపాకులు చేసి 1822లో పోయాడు. తమాషా ఏమిటంటే, తయారైంది పెన్సిల్వేనియాలో, పేరు మాత్రం కెంటకీ రైఫిల్ అని పడింది. మన నిర్మల్ బొమ్మను హైదరాబాద్ బొమ్మ అన్నట్టు.

ఊరి బయట ల్యాండిస్ వ్యాలీ అని మ్యూజియం ఉంది. వేసవిలో పిల్లాణ్ణి అక్కడికి తీసుకెళ్లాను. అక్కడ అలాంటి తుపాకీ ఒకటి చూశాను. మేపుల్ కర్ర. అడ్డంగా పులి చారలు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, వాడు ఐస్‌క్రీం అని చొక్కా లాగేదాకా. నేను గొట్టాన్ని చూడలేదు బాపూ. ఇనుము కర్రలోకి దిగిన చోటు చూస్తున్నాను. వెంట్రుక దూరదు.

తాత తుపాకీ కర్ర పగిలినప్పుడు కొత్తది నువ్వే చెక్కావు కదా. నాకప్పుడు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. కరెంటు లేదు. కిరసనాయిలు దీపం నన్ను పట్టుకోమన్నావు. ఇనుప ముక్కను దీపం మీద పెట్టి మసి పట్టించేవాడివి. దాన్ని కర్రలో ఒత్తి తీస్తే ఎక్కడ తగులుతుందో అక్కడ నల్ల మచ్చ. ఆ మచ్చ మేరకే ఉలితో గీకి, మళ్లీ మసి, మళ్లీ ఒత్తడం. నేను కూర్చునే నిద్రపోయాను. పొద్దున లేచేసరికి ముక్క కర్రలో కూర్చుని ఉంది.

ఇక్కడ కూడా సరిగ్గా అదే పద్ధతి! రెండు వీధుల అవతల ఒక ముసలాయన ఉన్నాడు, నలభై ఏళ్లుగా ఈ పనే కాలక్షేపం. ఆయన కొవ్వొత్తి మసి పట్టించి చూపిస్తుంటే నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. మా నాన్న ఇలాగే చేసేవాడు అంటే నమ్మాడో లేదో.

తాత పోయాక లైసెన్సు మన పేరు మీదికి మారలేదు. ఎన్నికలప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి తెచ్చుకునేది, ఆసారి అప్పజెప్పిందే. "ఇనుము మీరు ఉంచుకోండి సార్, కర్ర నాకిచ్చేయండి" అని నువ్వు అడిగావని అమ్మ చెప్పింది. నువ్వు ఎప్పుడూ చెప్పలేదు.

సరే, ఏ కిట్ కొనాలన్నదే ఇప్పుడు నా టెన్షన్. మూడు రకాలు చూశాను. ఒకటి స్పెయిన్‌లో చేసేది, చవక. కర్ర రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి రేకుతో అతుకు. అతుకు కర్ర కొన్నానంటే నువ్వు నాతో మాట్లాడవు. రెండోది జిమ్ చాంబర్స్ అని నార్త్ కరోలినా వాళ్లది. కర్రను చాలావరకు రూపానికి తెచ్చి ఇస్తారు కానీ ఇనుము దించడం, ఆకారం తీయడం చేసేవాడికి చాలానే మిగులుతాయి. మనసంతా దాని మీదే ఉంది. మూడోది ఒహైయోలో కిబ్లర్ వాళ్లది. కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు గాడులన్నీ దాదాపు పూర్తిగా తీసేస్తాయి. సానబెట్టి, కూర్చి, రంగు వేస్తే సరి. వెయ్యి డాలర్లు దాటుతుంది. అమ్మకు ఈ లెక్క చదవకు.

ముసలాయన మొహమాటం లేకుండా చెప్పాడు. మొదటిసారి రెండో రకం కొన్నవాళ్లు సగం చేసి అటక మీద పెడతారట. "మొదటిది పూర్తవ్వాలి, అంతే" అన్నాడు. నువ్వు కూడా దుకాణంలో చేరిన కుర్రాళ్లకు ముందు పీట చెయ్యమనేవాడివి, మంచం జోలికి రానిచ్చేవాడివి కాదు. కాబట్టి కిబ్లర్‌దే కొంటున్నాను. అందులో కూడా కొండ ప్రాంతాల రకం ఉంది, సదర్న్ మౌంటెన్ రైఫిల్ అని. ఇత్తడి నగిషీలు ఉండవు, అంతా ఇనుమే. తాతది కూడా అలాగే ఉండేది కదా. గొట్టం లోపలి బెజ్జం 0.40 అంగుళాలది తీసుకుంటాను, మందు తక్కువ తింటుంది, భుజం మీద తన్ను తక్కువ. జింకల జోలికి పోను, కాగితం మీద గురి చూడటానికే. మసితో పని కొంచెమే ఉంటుందట. ఉన్నంత చేస్తాను.

ఇంకో చిక్కు నా పుర్రచెయ్యి. లాక్ కుడివైపు ఉంటుంది. ఎడమ భుజానికి పెట్టుకుంటే ఆ మంట ముఖం ముందే లేస్తుంది. పుర్రచేతి వాళ్లకు లాక్ ఎడమవైపు పెట్టిన కిట్లు తక్కువ. కుడి భుజమే అలవాటు చేసుకుంటాను, కళ్లకు అద్దాలు ఎలాగూ తప్పవు. అన్నం పుర్రచేత్తో తింటే నా చేతి మీద కొట్టేవాడివి. ఉలి ఏ చేత్తో పట్టినా మాత్రం ఏమీ అనలేదు.

పచ్చడి డబ్బా ఈసారి నూనె కారకుండా వచ్చింది. కోడలు అమ్మకు చెప్పమంది. ఆమెకూ షరతులున్నాయి: మందు ఇంట్లో ఉండకూడదు, పూర్తయ్యాక తాళం వేసిన పెట్టెలో ఉండాలి, పిల్లాడికి తాళం చెవి ఎక్కడుందో తెలియకూడదు. అన్నింటికీ సరే అన్నాను. మందు ఇప్పట్లో కొనను కూడా. అమ్మా, ఇది నీకే. నీ మనవడి మీద ఒట్టు.

కర్ర గురించి ఒక మాట అడగాలి బాపూ. మేపుల్ తెల్లగా ఉంటుంది. ఇనుము కరిగించిన యాసిడ్ పూసి, వేడి చూపిస్తే గోధుమ రంగుకు తిరిగి చారలు పైకి తేలతాయి. ఆ పైన అవిసె నూనె. నువ్వు తాత కర్రకు ఏ నూనె పట్టించావు? ఎన్ని రోజులు? గుడ్డతోనా, అరచేత్తోనా? నాకు ఆ వాసన గుర్తుంది కానీ పేరు రావడం లేదు. కర్రకు నీళ్లు తడిపి, లేచిన నూగును మళ్లీ సానబెట్టేవాడివి, అది రెండుసార్లా మూడుసార్లా? రాయలేకపోతే అక్కతో చెప్పించు, తనకు చెబితే ఊరంతా తెలుస్తుంది, ఫర్వాలేదు.

పై కప్పు పని దసరాకి మొదలుపెడతానన్నావు, ఏమైంది? డబ్బు కోసం ఆగితే చెప్పు. తుపాకీ కోసం దాచుకున్నాను కదా అని మొహమాటపడకు, కప్పు ముందు.

బావ తమ్ముడు డిసెంబర్లో వస్తున్నాడు. నీ సన్న ఉలి, పిడికి రాగి తీగ చుట్టినది, ఇంకా ఉంటే అతనితో పంపు. ఇక్కడ మంచి ఉలులు దొరకక కాదు. గుడ్డలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టమను, చేతిసంచీలో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

నీ కొడుకు