యాప్ కొన్నది మీ శాఖ, వాడేది మా వదిన: మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మేడమ్, నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని, మా వదిన నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీ టీచర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యాప్‌లలో తప్పులు వెతకడం నా ఉద్యోగం, ఆ తప్పులతోనే కాపురం చేయడం ఆమె ఉద్యోగం. పండక్కి ఇంటికెళ్తే మా ఇద్దరి మాటలూ అక్కడికే వస్తాయి, అందుకే ఈ లేఖ.

మా ఫీల్డ్‌లో చేరిన కొత్తలోనే చెప్పే మాట ఒకటుంది, డబ్బు కట్టేవాడు కస్టమర్, వేలు పెట్టి నొక్కేవాడు యూజర్, ఇద్దరినీ ఒకటనుకుంటే ప్రాజెక్టు పోతుందని. మన ఫోన్‌లో పేమెంట్ యాప్ నచ్చకపోతే ఏం చేస్తాం, ఫోన్‌పే తీసేసి గూగుల్ పే వేసుకుంటాం, ఆ భయం ఉంది కాబట్టే వాళ్ళు బటన్ ఎక్కడ పెట్టాలో నెలలు నెలలు ఆలోచిస్తారు. మా వదినకి ఆ అవకాశం లేదు కదా. అంగన్‌వాడీ పిల్లల, తల్లుల వివరాలు ఎక్కించే కేంద్ర ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్, అది నచ్చలేదని తీసేయడానికి లేదు, బాగుందని ఆమె కొన్నదీ కాదు, అసలు ఆమెని ఎవరూ అడగలేదు. కొన్నది ప్రభుత్వం, నొక్కేది టీచర్. ఇంకా మూడో మనిషి కూడా ఉంది, ఫోన్ ముందు మొహం పెట్టి నిలబడే తల్లి. ఆమె కస్టమరూ కాదు యూజరూ కాదు, కానీ యాప్ పనిచేయకపోతే ఖాళీ చేతులతో ఇంటికెళ్ళేది ఆమే.

2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే రేషన్‌కి పోషణ్ ట్రాకర్‌లో మొహం గుర్తింపు తప్పనిసరి చేశారు కదా, అది సెంటర్‌లో ఎట్లా నడుస్తుందో చెప్తా. చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పిండి బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్ కోసం ఒక తల్లి వచ్చింది, చంకలో ఏడాది పిల్ల. ముందు ఆధార్‌తో ఈకేవైసీ, అంటే ఆమె ఎవరో ఆన్‌లైన్‌లో రుజువు చేసుకోవడం, కావాలి, ఆ ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబర్‌కి పోతుంది, ఆ నంబర్ భర్త దగ్గర, భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో. మా వదిన ఫోన్ చేసి "తమ్ముడూ, ఒక నంబర్ వచ్చింది చూడు, చెప్పు" అంటే అతను ఠక్కున కట్ చేశాడు. తప్పేముంది చెప్పండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు, టీవీలు రోజూ మొత్తుకుంటున్నాయి, అతను విన్నాడు. మళ్ళీ భార్యతో చేయించి నమ్మించేసరికి ఆ ఓటీపీ టైమ్ అయిపోయింది. తర్వాత ఫోటో. యాప్ రెప్ప కొట్టమంటుంది, ఆమె కొట్టినప్పుడు పిల్ల కదులుతుంది, గదిలో వెలుతురు చాలదని బయటికి తీసుకెళ్తే ఎండకి కళ్ళు సగం మూసుకుంటుంది, ఈలోపు సిగ్నల్ పోయి మొదటికి వస్తుంది. లోపల పిల్లలకి అన్నం టైమ్ అయింది, ఆయమ్మ ఒక్కతే చూసుకుంటోంది.

ఈ గుర్తింపుతో దొంగ పేర్లు పోవాలి అన్నదాంట్లో నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ స్క్రీన్ గీసినవాడు ఒక్క పూట అంగన్‌వాడీలో కూర్చుని ఉంటే ఆధార్‌కి లింకైన ఫోన్ భర్త జేబులో ఉంటుందని తెలిసేది. అంతే నా బాధ.

ఇది ఎందుకిట్లా అవుతుందో లోపలివాడిగా చెప్తా. మేం యాప్ ఇచ్చే ముందు యూఏటీ అని ఒకటి చేస్తాం, యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్. పేరులో యూజర్ ఉంటాడు గానీ ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఎక్కువసార్లు ఆ కుర్చీలో కూర్చునేది కస్టమర్. ఏసీ గది, మంచి వైఫై, కొత్త ఫోన్, శాంపిల్ డేటా, ఆఫీసర్ గారు నాలుగు స్క్రీన్లు చూసి "డ్యాష్‌బోర్డ్ చూపించండి" అంటారు. డ్యాష్‌బోర్డ్ ఎప్పుడూ అదిరిపోతుంది, ఎందుకంటే కంపెనీకి బిల్లు పాస్ చేసే మనిషి చూసేది అదే, జిల్లాల మ్యాపు, పచ్చ రంగు ఎరుపు రంగు. ఆ రంగులు నింపడానికి కింద ఒకామె ఎన్ని గంటలు తంటాలు పడుతుందో ఆ మ్యాపులో కనపడదు. సంతకం అయిపోతుంది. ఎరుపు కనపడితే మాత్రం ఫోన్ కంపెనీకి పోదు, సూపర్‌వైజర్ నుంచి టీచర్‌కే వస్తుంది, "ఎందుకు చేయలేదమ్మా" అని.

వాడేవాళ్ళ మాట వినకపోతే వాళ్ళకి మిగిలే దారి ఏంటో 2021లో మహారాష్ట్రలో చూశాం, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు మూటగట్టి ఆఫీసుల్లో వాపస్ పడేశారు, ఫోన్‌లో మెమరీ చాలట్లేదు, యాప్ ఇంగ్లిష్‌లో ఉంది అని. మన దగ్గర భూముల రికార్డుల పోర్టల్ ధరణి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 అక్టోబర్‌లో మొదలైంది, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) వెంటనే అయిపోవడం నిజంగా మంచిదే, కానీ పేరు తప్పు పడ్డ రైతుకి ఊరికి దగ్గర్లో ఉన్న తహసీల్దార్ ఏమీ చేయలేకపోయేవాడు, ఫైలు కలెక్టర్ లాగిన్‌కి పోవాల్సి వచ్చేది. చివరికి 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణిలో రెవెన్యూ శాఖ కావాలన్నది ఉండేది, రైతుకి కావాల్సిన బటన్ ఉండేది కాదు.

మీరు అనొచ్చు, పోషణ్ ట్రాకర్ కేంద్రానిది, మా చేతిలో ఏముంది అని. నిజమే, కానీ రాష్ట్రానిది ఇంకో యాప్ ఉంది కదా మేడమ్, అది మీదే. అదే పిల్ల బరువు ఇందులో ఒకసారి అందులో ఒకసారి, పైన రిజిస్టర్లు ఎటూ తప్పవు. నెలకి 13,650 రూపాయల గౌరవ వేతనం, దాంతో పిల్లలకి పాటలు నేర్పాలి, బరువులు తూయాలి, గుడ్లు లెక్కపెట్టాలి, ఎలక్షన్ వస్తే ఓటర్ల జాబితా చూసే బీఎల్‌వో డ్యూటీ కూడా, మధ్యలో ఒకే అంకె రెండుసార్లు కొట్టాలి. మా కంపెనీలో ఎవరైనా ఇట్లా చేయమంటే రెండో రోజే టీమ్ మొత్తం గోల చేస్తుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చు కూడా కాదు. రాష్ట్రం యాప్‌కి తర్వాతి వెర్షన్ వచ్చినప్పుడు యూఏటీ సచివాలయంలో వద్దు, సిగ్నల్ సరిగా లేని ఒక తండాలో, ఒక బస్తీలో, ఒక మామూలు ఊళ్ళో పెట్టండి, టీచర్లకి ఇచ్చిన ఆ పాత ఫోన్లతోనే, బాలామృతం ఇచ్చే రోజే. కంపెనీ వాళ్ళు పక్కన నిలబడి చూడాలి గానీ నోరు తెరవకూడదు, "ఇక్కడ నొక్కండమ్మా" అన్నారంటే ఆ టెస్ట్ ఫెయిలే. అయ్యాక ఆ టీచర్లు సంతకం పెడితేనే బిల్లు కదలాలి, ఆఫీసర్ సంతకం దాని కింద ఉండనీయండి, కాదనను. మన దగ్గర 35,700 సెంటర్లున్నాయి, టెస్టర్లకి కరువా?

ఇక కేంద్రానికి మీరు ఎటూ లేఖలు రాస్తుంటారు, అందులో ఒక్క లైన్ చేర్చండి. మొహం కలవకపోయినా, ఓటీపీ రాకపోయినా, టీచర్ కారణం రాసి ప్యాకెట్ ఇచ్చేయగలిగే బటన్ అదే స్క్రీన్ మీద ఉండాలి, తనిఖీ తర్వాత మీరే చేసుకోండి. ఆ తల్లిని ఊళ్ళో అందరూ గుర్తుపడతారు, మా వదినకైతే ఆ పిల్ల పుట్టినప్పటి బరువు కూడా తెలుసు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్ మరిది