తక్కువ తిరిగే కారుకు తగిన బీమా కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు అపార్టుమెంటు సెల్లారులో ఉన్న నా కారు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయింది. నీరు తగ్గాక దిగి చూస్తే స్టీరింగు పైదాకా బురద చార కట్టి ఉంది, డ్యాష్‌బోర్డు అరలో దాచిన బండి కాగితాలు తడిసి ముద్దయిపోయాయి. ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ ఇంజను, వైరింగు, సీట్లు కలిపి లక్షా నలభై వేలకు తక్కువ కాదన్నాడు. ఆ ఏడాది మే నెలలో నేను కట్టింది ఇతరుల నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రమే కావడంతో నాకు బీమా కంపెనీ నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. చివరికి ఆ కారును పాత సామాను కింద అమ్ముకున్నాను.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నెలకు రెండుసార్లు గుంటూరులోని మా అమ్మాయి ఇంటికి, పండుగలకు మంగళగిరికి, ఎప్పుడైనా ఆసుపత్రికి తప్ప ఆ కారు బయటికి వచ్చేది కాదు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందుకే రెన్యువల్ సమయంలో “నడవని బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకండీ, మాస్టారూ” అని ఏజెంటు అన్నప్పుడు నాకూ సబబుగానే తోచింది. అది ఎంత పొరపాటో వరద వచ్చాక తెలిసింది. తక్కువ తిరిగే బండి రోడ్డు మీద ఇంకో బండిని గుద్దే అవకాశం తక్కువే కావచ్చు, కానీ నీళ్ళకు, నిప్పుకు, దొంగలకు, గాలివానలో విరిగిపడే చెట్టుకు అది ఏడాది పొడవునా అందుబాటులోనే ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఇతరులకు జరిగే నష్టానికే తప్ప వీటిలో దేనికీ వర్తించదు.

అలాగని థర్డ్ పార్టీని మానుకోమని ఎవరికీ చెప్పను. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం అది లేకుండా బండిని బహిరంగ ప్రదేశంలోకి తీసుకురాకూడదు. తెస్తే మొదటిసారికే రెండు వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అంతకంటే పెద్ద భయం, నెలకొకసారి బయటికి తీసినప్పుడే ఎవరికైనా దెబ్బ తగిలితే ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ విధించే పరిహారమంతా యజమాని మీదే పడుతుంది. నా కారువంటి 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022 జూన్ నుంచి అమలైన రేటు 3,416 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 4,031. నెలకు రెండుసార్లు తీసే నేనూ, రోజూ హైదరాబాదు వెళ్ళివచ్చేవారూ ఒకే మొత్తం కట్టాలి. విచిత్రమేమంటే వింటేజ్ (పాతకాలపు) కారుగా నమోదైన బండికి ఇదే ప్రీమియంలో 50 శాతం రాయితీ ఉంది. అరుదుగా రోడ్డెక్కే ఆ కార్లకు వర్తించిన న్యాయం, మీటరు రీడింగు ఆధారంగా, మాలాంటి వారి మామూలు కార్లకు ఎందుకు వర్తించకూడదో కేంద్ర రవాణా శాఖ ఆలోచించాలి.

సొంత బండికి జరిగే నష్టం విషయంలో మాత్రం ఒక దారి ఇప్పటికే ఉంది. నడిపే కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే పద్ధతిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జూలైలోనే అనుమతించింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే చెప్పి, మీటరు ఫోటో ఇచ్చి, ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియంలో తగ్గింపు పొందవచ్చు. ఒకే యజమాని పేరు మీదున్న కారుకూ స్కూటరుకూ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీ ఇవ్వడానికి కూడా అప్పుడే వీలు కల్పించింది. నా ఏజెంటు ఈ రెండింటిలో ఒక్కటి కూడా నాకు చెప్పలేదు. రెన్యువల్ నోటీసులో థర్డ్ పార్టీ ధర పక్కనే కిలోమీటర్ల పాలసీ ధరనూ విధిగా ముద్రించాలని బీమా సంస్థలను ఐఆర్‌డీఏఐ ఆదేశించాలని కోరుతున్నాను. ఓన్ డ్యామేజ్‌ను వదిలేసి 90 రోజులు దాటితే అంతవరకు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందన్న హెచ్చరికా అందులోనే ఉండాలి. నాకు 50 శాతం బోనస్ ఉండేది, అదీ పోయింది.

బండ్ల బీమా రేట్లను, షరతులను నిర్ణయించిన పాత ఇండియా మోటార్ టారిఫ్‌లో, షెడ్డులో నిలిపి ఉంచిన బండికి అగ్నిప్రమాదం, దొంగతనం వరకే పరిమితమైన బీమాకు వీలుండేది. దానికి వరదను కూడా చేర్చి, పదేళ్ళు దాటిన కార్లకు సైతం తక్కువ ధరకు అందిస్తే కృష్ణ ఒడ్డున, బుడమేరు పక్కన ఉండేవాళ్ళం తప్పక తీసుకుంటాం.

మా పై అంతస్తు వారికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, నీరు పోయిన వెంటనే ఆత్రంగా తాళం తిప్పి స్టార్ట్ చేయడం వల్ల ఇంజను పాడైందనీ, ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోలేదనీ సర్వేయరు ఆ భాగం కొట్టేశారు. వానాకాలం మళ్ళీ వచ్చేలోపు మీ పాఠకులు తమ పాలసీ కాగితం తీసి, అందులో ఓన్ డ్యామేజ్ అన్న గడి ఖాళీగా ఉందేమో, ఇంజను ప్రొటెక్షన్ ఉందో లేదో ఒక్కసారి చూసుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.