తమ్ముడికి, వెనక చక్రం గురించి

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని నువ్వు రాశాక మనసు కుదుటపడింది. నాన్నకి నా నమస్కారాలు చెప్పు.

ఇక నీ సైకిల్ సంగతి. వెనక చక్రంలో స్పోకులు ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్నాయనీ, విసుగొచ్చి చక్రమే కొత్తది కొనేద్దామనుకుంటున్నాననీ రాశావు. ఆగు. కొత్తది కొనకు, నువ్వే కట్టుకో. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే సైకిల్ రెండు చక్రాలూ నేను కట్టుకున్నవే. ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న పనుల్లో నాకు ఇంత ఇష్టమైనది ఇంకోటి లేదు. నీకూ నేర్పాలని ఎప్పట్నుంచో ఉంది.

ముందు స్పోకులు ఎందుకు తెగుతున్నాయో అర్థం చేసుకో. తెగిందల్లా హబ్బు (చక్రం మధ్యలో స్పోకులన్నీ తగిలించే భాగం) దగ్గర వంపులోనే తెగుతోందన్నావు కదా. మామూలుగా అక్కడే తెగుతుంది. బరువు మోయలేక తెగిందనుకుంటాం కానీ, అసలు కారణం అలసట. చక్రం తిరుగుతున్నప్పుడు నేల వైపుకి వచ్చిన స్పోకుల బిగువు కొంచెం తగ్గుతుంది, పైకి వెళ్ళాక మళ్ళీ పెరుగుతుంది. 700సి అనే సైజు చక్రం కిలోమీటరుకి దాదాపు 475 సార్లు తిరుగుతుంది, అంటే ప్రతి స్పోకూ కిలోమీటరుకి అన్నిసార్లు వదులై బిగుస్తుంది. మొదటినుంచీ గట్టిగా బిగించిన స్పోకు దీన్ని ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. వదులుగా ఉన్నది మాత్రం కిందికి వచ్చినప్పుడల్లా పూర్తిగా సడలిపోయి, వంపు దగ్గర కదిలి కదిలి విరుగుతుంది. మిషన్ మీద హడావుడిగా బిగించిన చక్రాల్లో ఇలాంటి వదులు స్పోకులు ఎక్కువ. అందుకే ఒక్కొక్కటీ మారుస్తూ పోతే లాభం లేదు. ఒకటి తెగిందంటే దాని పక్కవీ అదే దెబ్బ తిని ఉంటాయి.

సామాను గురించి చెప్తాను. నీ హబ్బు బేరింగులు నున్నగా తిరుగుతుంటే అదే ఉంచు. పాత స్పోకులు దాని ఫ్లాంజ్ (స్పోకులు దూర్చే రంధ్రాలున్న గుండ్రటి అంచు) మీద చేసిన గాట్లు కనిపిస్తాయి, కొత్తవి కూడా అదే దిశలో ఆ గాట్లలోనే కూర్చునేలా వెయ్యి. నీది రిమ్ముని (టైరు కూర్చునే బయటి వలయాన్ని) పక్కల నుంచి నొక్కే రిమ్ బ్రేకు కాబట్టి దాని పక్కగోడల మీద ఒక స్కేలు ఆనించి చూడు. లోపలికి గుంటపడి ఉంటే ఆ రిమ్ము పని అయిపోయినట్టే. కొత్తది కొనాల్సి వస్తే డబుల్ వాల్ (రెండు పొరల) రిమ్ము తీసుకో. రంధ్రాల సంఖ్య హబ్బుకి ఎన్నో దీనికీ అన్నే ఉండాలి, నీ హబ్బుకి 36 అయితే దీనికీ 36.

స్పోకుల దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, బటెడ్ రకం తీసుకో. అంటే రెండు చివర్లా 2.0 మిల్లీమీటర్లు, మధ్యలో 1.8 ఉంటాయి. మధ్యలో సన్నగా ఉన్నవి బలహీనం అని నీకు అనిపిస్తుంది. అది తప్పు. అంతా ఒకే మందం ఉన్న 2.0 స్పోకు 100 కిలోల బిగువుకి దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. మధ్య సన్నగా ఉన్నది అంతకంటే ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగిన స్పోకు, గుంతలో పడి రిమ్ము కాస్త లోపలికి నొక్కుకున్నా పూర్తిగా సడలదు, ఆ దెబ్బని పక్కవాటితో పంచుకుంటుంది. సాగుదలంతా నడుము దగ్గరే జరగడం వల్ల వంపుకీ, అవతలి కొనన ఉన్న మరలకీ శ్రమ తగ్గుతుంది. నిప్పిళ్ళు, అంటే స్పోకు కొనని రిమ్ముకి బిగించే చిన్న నట్లు, ఇత్తడివే కొను. అల్యూమినియంవి తేలికే, కానీ తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, తిప్పబోతే మూలలు అరిగిపోతాయి. వానలో తిరిగే సైకిల్‌కి అవి వద్దు. నిప్పిల్ కీ కూడా సరిగ్గా సైజు సరిపోయేది చూసుకో, ఏ మాత్రం వదులున్నా నిప్పిల్ నాశనమవుతుంది.

కొలతలు ఓపికగా తియ్యి. స్పోకు పొడవు లెక్కకి కావలసినవి: హబ్బు ఫ్లాంజ్ మీద రంధ్రాల వలయం వ్యాసం, హబ్బు మధ్య నుంచి ఒక్కో ఫ్లాంజ్ దూరం, రిమ్ములో నిప్పిల్ కూర్చునే చోట వ్యాసం. రిమ్ము వ్యాసం స్టిక్కర్ చూసి రాయకు, రెండు మూడు చోట్ల నువ్వే కొలువు. ఆ వ్యాసంలో 2 మిల్లీమీటర్లు తేడా వస్తే స్పోకు పొడవులో 1 మిల్లీమీటరు తేడా వస్తుంది. వెనక చక్రంలో కుడివైపు గేర్లకి చోటు కావాలి కాబట్టి ఆ ఫ్లాంజ్ మధ్యకి జరిగి ఉంటుంది. అందువల్ల కుడివైపు స్పోకులు సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టివి పడతాయి.

అల్లిక త్రీ క్రాస్ వెయ్యి, అంటే ప్రతి స్పోకూ తనవైపు స్పోకుల్లో మూడింటిని దాటాలి. మూడో దాన్ని దాటేటప్పుడు దాని అవతలి పక్కకి మార్చి దూర్చాలి. స్పోకులు హబ్బు నుంచి తిన్నగా కాకుండా ఇలా వాలుగా ఎందుకు పోవాలంటే, నువ్వు తొక్కే బలం హబ్బుని మెలితిప్పుతుంది. తిన్నని స్పోకులు ఆ మెలిని రిమ్ముకి అందించలేవు. పారిస్‌లో యూజీన్ మేయర్ 1869లో సన్నని తీగ స్పోకుల చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇలా వాలుగా అల్లే పద్ధతికి జేమ్స్ స్టార్లీ ఇంగ్లండులో 1874లో పేటెంట్ తీసుకున్నాడు. మనం ఈ రోజుకీ కట్టేది అదే అల్లిక, తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కుడి ఫ్లాంజ్‌లో ఒక రంధ్రం విడిచి ఒక రంధ్రంలో 9 స్పోకులు వేసి, రిమ్ములో ప్రతి నాలుగో రంధ్రానికి ఒకటి చొప్పున కట్టు. ఎడమవైపూ అంతే. తర్వాత హబ్బుని తిప్పి మిగతావి అల్లు. ట్యూబు వాల్వు రంధ్రానికి రెండు పక్కలా ఉన్న స్పోకులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లేకపోతే గాలి కొట్టేటప్పుడు పంపు పట్టదు.

అసలు పని బిగించడంలో ఉంది. మరల మీద చుక్క నూనె వేసి, మరలు నిప్పిల్లోకి మాయమయ్యేంత వరకూ అన్నిటినీ సమానంగా తిప్పు. అక్కణ్ణుంచి అరచుట్టు చొప్పున అన్నిటినీ బిగిస్తూ రా. ఒక్క చుట్టుకి నిప్పిల్ కదిలేది 0.45 మిల్లీమీటర్లే, కాబట్టి తొందరపడి రెండు చుట్లు తిప్పేస్తే రిమ్ము ఎటో లాగేస్తుంది. చక్రం వంకర చూసే స్టాండ్ లేకపోయినా ఫర్వాలేదు, సైకిల్‌ని తలకిందులు చేసి ఫ్రేముకి ప్లాస్టిక్ టై కట్టి, దాని కొనని రిమ్ముకి దగ్గరగా పెట్టుకుని చూడు. రిమ్ము కుడికి పోతున్న చోట ఎడమ స్పోకుల్ని బిగించు, కుడివాటిని కాస్త వదులు చెయ్యి. పైకి ఉబ్బిన చోట రెండువైపులవీ బిగించు. మధ్యమధ్యలో చక్రాన్ని తిరగేసి పెట్టి, రిమ్ముకీ టై కొనకీ మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉందో లేదో చూసుకో.

ఒక్కొక్కప్పుడు నిప్పిల్ తిరిగినట్టే ఉంటుంది, నిజానికి స్పోకు మెలిపడి ఉంటుంది. కావలసినదానికి పావు చుట్టు ఎక్కువ తిప్పి, అంత వెనక్కి తిప్పితే ఆ మెలి పోతుంది. బిగువు సమానంగా ఉందో లేదో వినికిడితో తెలుసుకోవచ్చు: ఒకే వైపు స్పోకుల్ని వీణ తీగల్లా మీటుతూ పో, స్వరం తగ్గినది వదులు. ఎడమవైపు స్వరం కుడికంటే తగ్గే ఉంటుంది, కంగారు పడకు. చాలా హబ్బుల్లో ఎడమ బిగువు కుడిదాంట్లో సగానికి కొంచెం పైన ఉంటుంది. కుడివైపు 100 కిలోలకి తగ్గకుండా ఉంటే మంచిది. రిమ్ము తయారుచేసినవాళ్ళు చెప్పిన హద్దు మాత్రం దాటకు. దీనికోసం టెన్షన్ మీటర్ అరువు తెచ్చుకోగలిగితే ఇంకా నిశ్చింత.

చివర్లో గ్లవ్స్ వేసుకుని, పక్కపక్కన సమాంతరంగా ఉన్న స్పోకుల్ని జతలుగా గట్టిగా పిసుకు, చక్రం చుట్టూ. ఇది చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. దీనివల్ల వంపుల్లో మిగిలిపోయిన ఒత్తిడి పోతుంది, స్పోకులు తమ చోట్లలో కూర్చుంటాయి. తర్వాత మళ్ళీ వంకర చూసి సరిచేసుకో. అర మిల్లీమీటరు లోపల ఉంటే చాలు, అంతకుమించి పట్టుదలకి పోతే ఉన్న బిగువు సమానం చెడుతుంది.

స్పోకులు ఆర్డర్ పెట్టేముందు ఆ కొలతలు నాకు రాసి పంపు, హబ్బు మీద రాసి ఉన్న మోడల్ నంబరుతో సహా. ఇక్కడ నేనూ విడిగా లెక్క వేస్తాను. ఇద్దరి అంకెలూ కలిశాకే డబ్బు కట్టు.

ప్రేమతో,
అక్క